లేని స్టాపు

అక్టోబరు 11. పొద్దున మంచు, తర్వాత పల్చగా ఎండ. బావకి గడ్డం గీశాను.

అక్కకి,

తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమమని రాయడం ఉత్తరానికి మర్యాద కాబట్టి రాస్తున్నాను. అంతకు మించి ఆ మాటలో ఏమీ వెతక్కు.

తేదీ, వాతావరణం, చేసిన పని. ఈ మూడూ పడకపోతే నా కలం కదలదని నీకు తెలుసు. నీవి ఉత్తరాలు కావురా, ట్రిప్పు షీట్లు అని నవ్వేదానివి. ఏం చేయను, బస్సు బోర్డులూ టిక్కెట్ల మీది ఊళ్ల పేర్లూ చూసి చదువు నేర్చుకున్న కండక్టర్ని. నాకొచ్చిన రాత అదే.

ముందు నీ భుజం సంగతి. కట్టు వదులు చేశారా? చెయ్యి పైకెత్తి జడ వేసుకోవద్దని డాక్టరు చెప్పాడు. నువ్వు వినవు. పక్కింటి కుట్టుమిషనావిడ చేతే వేయించుకో. ఆవిడ ఎంత వంకరగా వేసినా నోరు మూసుకుని కూర్చో.

ఇక అసలు సంగతి. ఈ మధ్యాహ్నం బావని హోమ్‌లో అప్పగించి వచ్చాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి లాడ్జి వాడి చేత టీ తెప్పించుకున్నాను. అది తొరక కట్టింది గానీ వాక్యం రాలేదు. ఇప్పుడు వచ్చింది కాబట్టి మిగతాది వరసగా చెబుతాను.

బయలుదేరేటప్పుడు గడప దగ్గర నువ్వన్నది నాకు ప్రతి అక్షరం గుర్తుంది. దారిలో ఎక్కడైనా సరే, ఒక్కసారి, ఎవరూ అందించకుండా, ఆయనంతట ఆయన నన్ను కందిరీగ అని తలుచుకుంటే చాలు, హోమూ లేదు గీమూ లేదు, ఉన్నపళాన వెనక్కి పట్టుకురా, నా ఎముకలు నావి, విరిగితే మళ్లీ అతుక్కుంటాయి అన్నావు. అప్పుడు బావ గేటు బయట నిలబడి, ఆ ఇంటావిడ ఎవరి మీదో కేకలేస్తోంది, మనకెందుకు గానీ పదండి పోదాం అన్నాడు నాతో. అది నీకు వినపడకూడదని గేటు గట్టిగా వేశాను. చప్పుడుకి నువ్వు కోపమనుకుని ఉంటావు.

ఏడాదిగా నువ్వు ఆయనకి ఆ ఇంటావిడవి, నేను అండీ అని పిలవాల్సిన ఎవరో పరాయివాణ్ణి. మొన్నామధ్య తెల్లవారుజామున మొదటి బండి తీయాలని బయలుదేరిన మనిషికి మెట్ల మీద అడ్డొచ్చిన దొంగవి కూడా అయ్యావు. తోసినవాడు ఆయన కాదు, ఆయన డ్యూటీ. అది నువ్వన్నమాటే. కానీ పడింది నువ్వు.

ఘాట్ రోడ్డులో బావ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంటానన్నాడు. దారి పొడుగునా కుడికాలితో నేలని తొక్కుతూనే ఉన్నాడు. ఒక మలుపులో ఆ డ్రైవరు గేరు మార్చడం ఆలస్యం చేస్తే, బండి ఏడుస్తోంది బాబూ, వినపడటం లేదా అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, పెద్దాయనా, మీరేమైనా నడుపుతారా అన్నాడు వెటకారంగా. బావ కిటికీ వైపు తిరిగాడు. నడిపానో లేదో ఆయనకే తెలియదు కదా.

ఆ తర్వాత మలుపులో కిటికీలోంచి చెయ్యి చాపి, అది ఏ డిపో బండండీ అన్నాడు. చూస్తే ఆకాశంలో పొడుగాటి గుడ్డ రెక్క ఒకటి తేలుతోంది. దాని కింద తాళ్లకి ఇద్దరు మనుషులు వేలాడుతున్నారు, ఒకరి వెనక ఒకరు. డ్రైవరు ముందున్నాడు, కండక్టరు వెనకున్నాడు, ప్యాసింజర్లు ఒక్కరూ లేరు, ఖాళీ బండి తిప్పడానికి ఎవడిచ్చాడండీ పర్మిషను అన్నాడు బావ. నాకు నవ్వొచ్చింది. బావ నన్ను నవ్వించి ఎంత కాలమైందో.

హోమ్‌లో పెద్ద నర్సు మంచిదే. మంచం ఖాళీ అయింది గానీ గదికి సున్నం వేయిస్తున్నాం, ఎల్లుండి తీసుకురండి అంది. మంచం ఎలా ఖాళీ అయిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

అలా మాకు ఒక రోజు మిగిలింది. లాడ్జి వరండాలో కుర్చీ వేస్తే బావ ఆ రెక్కల్నే చూస్తూ కూర్చున్నాడు. టీ తాగడం కూడా మర్చిపోయాడు. టీ మర్చిపోవడం కొత్త కాదు గానీ, చూపు అలా ఒకేచోట నిలవడం కొత్త.

అప్పుడు నాకో దురాశ పుట్టింది. పోయినేడు పాత డిపోలో మెకానిక్కు సరదాపడి ఆయన్ని ఆగి ఉన్న బండిలో డ్రైవరు సీటెక్కించాడు, నీకు గుర్తుండే ఉంటుంది. స్టీరింగు పట్టుకోగానే వెనక్కి తిరిగి, ఒరేయ్ బామ్మర్దీ, మీ కందిరీగ క్యారేజీ ఇచ్చిందా అన్నాడు. అదే ఆఖరు. ముందు సీటులో కూర్చుంటే ఆయన ఆయనే. ఈ ఎగిరే బండిలోనూ ఎక్కినవాడు ముందు కూర్చుంటాడు, నడిపేవాడు వెనక. నడిపేది వెనకవాడేనని ఆయనకి మనం చెప్పక్కర్లేదు. పైకి వెళ్తే ఆ మాట వస్తుందేమో అనుకున్నాను. పోయిన జ్ఞాపకం ఇక తిరిగి రాదని బావ డాక్టరు చెప్పినా అనుకున్నాను.

నిన్న ఆ ఎగిరించేవాళ్లు మమ్మల్ని జీపులో కొండ మీదికి తీసుకెళ్లారు. నడిపే మనిషి ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి, ఎండకి కాలిన మొహం, గట్టి గొంతు. పైలటమ్మా అన్నాను, సరే అలాగే పిలవండి అంది. బావ జబ్బు సంగతి దాచకుండా చెప్పేశాను. దాచి బండెక్కించడం నాకు చేతకాదు. ఆవిడ బావ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, పరుగెత్తగలరా అని అడిగింది. మా బాధే అదమ్మా, ఆయన పరుగెడితే మేమెవరం అందుకోలేం అన్నాను. నవ్వింది. మతిమరుపుకి నేను భయపడను, పరుగెత్తమంటే నిలబడిపోయేవాళ్లకే భయపడతాను, గాలి మెత్తగా ఉన్నంతసేపే చూస్తాను, మీరు పక్కనే ఉండండి అంది.

బావకి హెల్మెట్ పెట్టి, జీను లాంటి కుర్చీని నడుముకీ తొడలకీ బిగించారు. వెనక ఆవిడ తనని తాను ఆయనకి తగిలించుకుంది. వాళ్ల వెనక గడ్డి మీద రెక్క పరిచి ఉంది. పని ఇంతే అక్కా. రెక్క గాలికి లేస్తుంది, ఇద్దరూ వాలులోకి పరుగెత్తాలి, కాళ్ల కింద నేల అయిపోయే దాకా ఆగకూడదు.

రెక్క లేచింది. పరుగెత్తండి బాబాయ్, పరుగెత్తండి అని ఆవిడ అరిచింది. బావ రాయిలా నిలబడ్డాడు. రెక్క పక్కకి వాలి కూలిపోయింది. మళ్లీ పరిచారు. ఈసారి ఆయన కాళ్లు ముడిచి కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవరన్నవాడు సీట్లో కూర్చోకుండా పరుగెత్తడమేమిటి? ఇద్దరూ గడ్డిలో జారారు. తాళ్లు సర్దేవాళ్లు నవ్వారు. ఒకడు, మేడమ్, తాతకి ఇంకా సిగ్నలు పడలేదు అన్నాడు.

పైలటమ్మ చెమట తుడుచుకుని, గాలి ముదురుతోంది, ఇంకొక్కసారి చూస్తాను, లేదంటే దింపేస్తాను అంది.

మూడోసారి రెక్క లేచినప్పుడు నేను రెక్కని చూడలేదు, బావ మొహం చూశాను. ఆయన మెడ ఎడమ పక్కకి తిప్పి, ఓరకంట వెనక్కి చూస్తున్నాడు. ఆ చూపు నాకు ఎంత తెలుసో. ప్రతి స్టాపులో, ఎక్కేవాళ్లు ఎక్కి దిగేవాళ్లు దిగాక, అద్దంలో నాకోసం చూసే చూపది. తాత అన్నవాడి వేళాకోళమే నిజం. కండక్టరు చెప్పకుండా బండి కదిలించిన పాపాన బావ ఉద్యోగం పొడుగునా పోలేదు. ఫుట్‌బోర్డు మీద ఎవరి కాలుందో ముందున్నవాడికి తెలియదు కదా.

నేను పరుగెత్తుకెళ్లి ఆయన హెల్మెట్ మీద రెండు దెబ్బలు కొట్టాను, బస్సు రేకు మీద కొట్టినట్టు. రైట్ రైట్, పోనీ అని గొంతు చించుకున్నాను.

బావ పరుగెత్తాడక్కా. వాలు అంచు వచ్చినా కాళ్లు ఆగలేదు, గాల్లో కూడా రెండడుగులు వేశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ నా కంటే ఎత్తులో ఉన్నారు.

రైట్ రైట్ అని జీవితంలో ఎన్ని లక్షలసార్లు అన్నానో. అన్న ప్రతిసారీ బండితోపాటు నేనూ కదిలేవాణ్ణి. నిన్న మొదటిసారి బండి వెళ్లిపోయింది, నేను మిగిలిపోయాను. చెయ్యి ఇంకా రెక్క వైపే చాపి ఉందని జీపువాడు చెబితే దింపుకున్నాను.

కింద మైదానంలో దిగుతారు. నేను జీపులో వెళ్లేసరికి వాళ్లింకా గాల్లోనే ఉన్నారు, చుట్టలు తిరుగుతూ, చిన్నగా. కిందనుంచి చూస్తే ఆయన ఎవరైనా కావచ్చు. ఏ జబ్బూ లేని మనిషి కావచ్చు.

దిగాక పైలటమ్మ చెప్పింది. పైన గాలి నిలకడగా ఉన్నంతసేపూ బావ మన పాత రూటులో స్టాపులన్నీ వరసగా పిలిచాడట. ఒక్కటీ తప్పిపోలేదా అని నేనంటే, తప్పిందో లేదో నాకేం తెలుసు, కానీ తడుముకోలేదు అంది. వెనక్కి తిరిగి, టిక్కెట్లన్నీ కొట్టేశారా అని అడిగితే, కొట్టేశానండీ అందట. తెలివైన మనిషి. పక్కనుంచి గద్ద ఒకటి దాటిపోతే, హారను లేకుండా ఓవర్‌టేకు చేస్తున్నాడు చూడు, ఎవడిచ్చాడు వీడికి లైసెన్సు అని తిట్టాడట. దిగేటప్పుడు కుడికాలు గాల్లో గట్టిగా తొక్కి, బ్రేకు కాస్త ముందే తొక్కి ఉంటే బాగుండేది, ప్యాసింజర్లు కుదుపుకి పడతారు అన్నాడట.

నువ్వడిగిన మాట మాత్రం రాలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగాను. స్టాపులూ టిక్కెట్లూ గద్దా తప్ప ఇంకేమీ అనలేదంది.

జీను విప్పుతుంటే బావ నావైపు మర్యాదగా చూసి, తర్వాతి బండి ఎప్పుడండీ అన్నాడు. లాడ్జికి వచ్చేసరికి ఎగిరిన సంగతే లేదు. వరండాలో కూర్చుని మళ్లీ పైకి చూసి, అది ఏ డిపో బండండీ అన్నాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం తీసుకెళ్లాను. గది మూడో వరండాలో, కిటికీ తూర్పు వైపు. గోడ కొత్త సున్నం వాసన వేస్తోంది. రెండు మంచాలు, రెండో దాంట్లో ఒక మాజీ తపాలా మనిషి ఉన్నాడు, దుప్పటి అంచుని కవరులా మడుస్తూ. కిటికీలకి ఊచలున్నాయి. గదికి గడియ బయటే ఉంది. అది నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను. నీలం చొక్కాలు నాలుగూ అలమరలో పెట్టాను. నువ్వు కాలర్ల లోపల కుట్టిన గుర్తులు చూసి పెద్ద నర్సు, ఎవరో శ్రద్ధగా కుట్టారు అంది. అవును అన్నాను.

బావ మంచాలు చూసి, క్రూ రెస్ట్‌రూము బాగు చేశారండీ అన్నాడు. రాత్రి పరాయి ఊళ్లో ఆగే నైట్ అవుట్ డ్యూటీల్లో చేసినట్టే బూట్లు విప్పి, వాటి మూతులు తలుపు వైపు తిప్పి మంచం కింద పెట్టి, చేతి గడియారం తలగడ కిందికి తోసి పడుకున్నాడు. ఆ గడియారం ఆగిపోయి ఎన్నాళ్లో. పొద్దున్నే లేపండి, మొదటి బండి మనదే అన్నాడు. అలాగే అన్నాను. ఇంకేం అనను?

నేను వరండా చివరి దాకా వచ్చి ఒకసారి వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

డాక్టరు మాటలో ఆశ లేదు, నా దగ్గరా లేదు. ఉందని రాస్తే నువ్వు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటావు. అందుకని రాయను. భుజం జాగ్రత్త. రేపో ఎల్లుండో బయలుదేరతాను.

నీ తమ్ముడు

తా.క. కవరు అంటించి, మళ్లీ చించాను. పైన ఒక అబద్ధం ఉంది. సాయంత్రం నుంచీ అది పంటి కింద రాయిలా ఉంది.

ఆ మాట వచ్చిందక్కా.

రంపపు మిల్లు మలుపు దగ్గర, స్టాపు లేని చోట, నువ్వు క్యారేజీ పట్టుకుని నిలబడేదానివి. బోర్డు లేని చోట బండెందుకు ఆపుతారని ప్యాసింజర్లు నామీద విరుచుకుపడేవాళ్లు. స్టాపులు పిలుస్తూ పిలుస్తూ బావ అక్కడికి వచ్చి ఆగాడట. కుడికాలు తొక్కిపట్టి, ఇక్కడ ఆపాలి, బోర్డు లేదు గానీ ఆపాలి, కందిరీగ ఎండలో నిలబడి ఉంటుంది అన్నాడట. ఆయన పురుగులకి భయపడుతున్నాడనుకుని పైలటమ్మ, ఇంత ఎత్తుకి కందిరీగలు రావు బాబాయ్ అంటే, మీకు తెలీదమ్మా, నాది వస్తుంది అన్నాడట. ఆవిడ ఇది చెప్పి నవ్వింది. నేను తాళ్లు చుట్టడం చూస్తున్నట్టు నటించాను.

అది ఒకటి. రెండోది నా కళ్ల ముందే జరిగింది. దిగగానే, జీను విప్పకముందే, బావ మైదానం అంచున కూర్చున్న ఆడవాళ్లందర్నీ ఒక్కొక్కరినీ చూసి, నా వైపు తిరిగి, ఏదిరా, రాలేదా అన్నాడు. రా అన్నాడు నన్ను. ఏడాదికి మళ్లీ ఆ పిలుపు.

ఎవరో నాకు తెలుసు. అయినా, ఎవరు బావా అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. నా మొహంలో వెతికాడు. ఇంటి దగ్గరుంది బావా, నీకోసం ఎదురు చూస్తోంది అని నేను అందివ్వడానికి బోలెడంత సమయం ఉంది. నేను అందివ్వలేదు. ఆయన చూసి చూసి, ఏమోనండీ అన్నాడు. తర్వాతి బండి ఎప్పుడండీ అన్నది ఆ తర్వాత.

ఎందుకు చేశానంటే చెప్పడానికి కారణాలున్నాయి. నీ రెండో భుజం ఉంది. మెట్లు ఉన్నాయి. ఆ మాట ఆయనకి గాల్లో వస్తుంది, మైదానంలో వస్తుంది, నీ మొహం ఎదురుగా ఉంటే మాత్రం రాదు, దొంగే కనిపిస్తుంది. ఇవన్నీ నిజాలే గానీ తర్వాత అల్లుకున్నవి. ఆ క్షణాన ఏమీ అనుకోలేదు. బండి కదులుతుంటే హోల్డాన్ అని నోరు దానంతటదే అరుస్తుంది చూడు, అలా వచ్చింది. బావ ఎప్పటిలాగే నా మాట విని ఆపేశాడు.

నీ షరతు ప్రకారం నువ్వే నెగ్గావు. ఆయన్ని తీసుకురమ్మని ఒక్క ముక్క రాయి, తీసుకొస్తాను. కానీ ఆ పిలుపు మళ్లీ వస్తుందా అని మాత్రం నన్ను అడక్కు. వచ్చిన రోజున ఎదురుగా ఉన్నది నేను. దాన్ని నీ దాకా మోసుకురావాల్సినవాణ్ణి నేనే.

రేపు పొద్దున్నే ఇది డబ్బాలో వేస్తాను.

అక్టోబరు 12. మంచు దట్టంగా ఉంది. ఎదుటి కొండ కనిపించడం లేదు, ఎగిరేవాళ్లు ఎవరూ లేరు. లేచి నీళ్లు కాచాను. కత్తికి కొత్త బ్లేడు వేశాను. బావకి గడ్డం…